గుమ్మడికాయ కొట్టాక మూడు షాట్లు

మా గల్లీలోంచి సినిమాల్లోకి వెళ్లి హీరో అయినవాడు ఒక్కడే. నాకంటే ఆరేళ్లు పెద్ద. మాకు చుట్టరికం ఏమీ లేదు. రెండిళ్లకీ మధ్య ఒకే గోడ, అంతే. ఊహ తెలిసినప్పటి నుంచి అన్న అనే పిలిచాను. ఇప్పుడు సిద్దిపేట గోడల మీద ఆయన బొమ్మ నా ఎత్తుకు రెండింతలు ఉన్నా నాకు వేరే పిలుపు రాదు.

ఆయన నటన ఎలా పెరిగిందో నాకు వరుసగా గుర్తుంది. ముందు పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే దుకాణం. తర్వాత మా పాలిటెక్నిక్ పోరగాళ్లం సెలవుల్లో చింతమడక వైపు పొలాల గట్ల మీద తీసిన షార్ట్ ఫిల్ములు. నేను మైకును బూజుకర్రకు కట్టి, కెమెరాకు కనిపించకుండా పట్టుకునేవాణ్ని. అన్న తాగొచ్చిన బావ వేషం వేసేవాడు. చుక్క ముట్టకుండా ఆయన తూలే తీరు చూసి నాట్లు వేసే ఆడవాళ్లు నడుములు పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ వీడియోలు ఫోన్లలో ఊరూరూ తిరిగాయి. తర్వాత హైదరాబాదు. మొదటి సినిమాలో ఇంటర్వెల్‌కు ముందు చనిపోయే స్నేహితుడు. రెండో సినిమాలో ఇంటర్వెల్ తర్వాత చనిపోయే స్నేహితుడు. మూడోదాంట్లో చావలేదు, హీరో పెళ్లిలో ఏడ్చాడు. నాలుగోదాంట్లో ఆయనే హీరో. చిన్న సినిమా, ఆడింది. ఐదోది ఇంకా బాగా ఆడింది.

ఆరోది ఈ బాక్సింగు సినిమా.

కథ ఆయన నాకు ఫోన్‌లో చెప్పాడు. అప్పుడు నేను ములుగు దగ్గర ఒక నర్సరీలో, పాలీహౌస్‌లో తేమ కొలిచే సెన్సార్లు బిగిస్తున్నాను. డిప్లొమా తర్వాత నా ఉద్యోగం అది. నిచ్చెన మీదే కూర్చుని విన్నాను. చిన్న ఊరి కుర్రాడు. ఒక ముసలి కోచ్ అతన్ని తెల్లారకముందే లేపి, పరిగెత్తించి, తిట్టి, బాక్సర్‌ను చేస్తాడు. కుర్రాడు గెలుస్తాడు. కారు వస్తుంది. చుట్టూ నలుగురు చేరతారు. పరుగు మానేస్తాడు. ఒకరోజు కోచ్‌ను అందరి ముందూ గేటు బయటికి పంపేస్తాడు. చివరి పోటీలో, ఆరో రౌండులో, ముఖం మీద గుద్దు పడి కూలిపోతాడు. రెఫరీ పది దాకా అంకెలు లెక్కపెడుతుంటే, జనంలో ఎక్కడో వెనక నిలబడ్డ కోచ్ కనిపిస్తాడు. లేవాలని చూస్తాడు. లేవలేడు. అక్కడితో సినిమా అయిపోతుంది.

"హీరో ఓడిపోతడా అన్నా?" అన్నాను.

"ఓడుడొక్కటే గాదురా. పడతడు. పడి లేవడు."

"జనం ఊకుంటరా?"

"గదే తెల్వదు. గందుకే జేస్తున్న." ఆయన గొంతు దుకాణం రోజుల్లో ఉన్నట్టే ఉంది. "నువ్వు గూడ రా. కంటిన్యుటీకి మనిషి గావాలె. నీ అసొంటి లిస్టుల పిచ్చోడు హైదరాబాద్ల దొరకడు."

సినిమాను కథ నడిచిన వరుసలో తీయరు. ఇవాళ చివరి దృశ్యం, వారం తర్వాత దాని ముందు దృశ్యం తీస్తారు. చొక్కా గుండీ, చేతి కట్టు, చెమట, గాయం, అన్నీ ఏ షాట్‌లో ఎలా ఉన్నాయో రాసి, పక్కన ఫోటో పెట్టి, తర్వాత తీసే షాట్‌లోనూ అలాగే ఉండేట్టు చూడటం కంటిన్యుటీ మనిషి పని. నాకోసమే పుట్టిన ఉద్యోగంలా అనిపించింది. నెల సెలవు పెట్టాను. మా అమ్మ మాత్రం, "గుండీలు సూసుటానికి గూడ జీతమిస్తరా?" అని రెండుసార్లు అడిగింది.

నేను వెళ్లేసరికి అన్న ఆరు నెలలుగా బాక్సింగు నేర్చుకుంటున్నాడు. బుగ్గలు పోయాయి. తాడాట ఆడితే తాడు కనిపించేది కాదు, గాలి చప్పుడే వినిపించేది. ఆ మొదటి వారం నేను రోజూ జాతరకు వెళ్లినంత హుషారుగా సెట్‌కు వెళ్లాను.

అయితే కథలో ఉన్న నలుగురు బయట కూడా చేరారు. ఒకాయన కారు తలుపు తీస్తాడు, ఒకాయన ఫోన్ పట్టుకుంటాడు, ఒకాయన ప్రతి షాట్ తర్వాతా "చింపేసినవన్నా" అంటాడు. నాలుగో మనిషి మేనేజర్. ఆయన చెడ్డవాడు కాదు. అందరికంటే తెలివైనవాడు, మర్యాదగా మాట్లాడతాడు. హీరో చివర్లో పడిపోవడం ఆయనకు మొదటి నుంచీ మింగుడు పడలేదు.

"మేడమ్, రెండు హిట్ల హీరో అండీ. అభిమానులు పాలాభిషేకం చేయడానికి వస్తారు. వాళ్ల ముందు పడుకోబెడతారా?" అని డైరెక్టర్‌తో అనేవాడు.

డైరెక్టర్ వరంగల్ ఆమె. ఇది ఆమె రెండో సినిమా. తక్కువ మాట్లాడేది. "పడకపోతే గీ కథ నేనెందుకు రాసినట్టండి?" అనేది.

చివరికి నిర్మాత మధ్యలో పడి రాజీ చేశాడు. ముగింపు రెండు రకాలుగా తీయాలి. ఒకదాంట్లో హీరో తొమ్మిది దగ్గర లేచి గెలుస్తాడు. రెండోదాంట్లో పడి లేవడు. రెండూ చూసి ఏది బాగుంటే అది పెడతారు. మేము వాటికి గెలుపు, పడుడు అని పేర్లు పెట్టుకున్నాం. మేనేజర్ ఇంకొక షరతు ఒప్పించుకున్నాడు, ముందు గెలుపే తీయాలని.

చివరి పోటీకి సిద్దిపేటలోనే కరీంనగర్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్ మూడు రోజులకు తీసుకున్నారు. పెళ్లి వేదిక మీద తెర కట్టేసి, హాలు మధ్యలో బాక్సింగు రింగు వేశారు. నాలుగో రోజు అక్కడ పెళ్లి ఉంది. కాబట్టి మూడో రోజు సాయంత్రం ఆరింటికల్లా హాలు ఖాళీ చేసి ఇవ్వాలి.

మొదటి రోజు అయిదో రౌండు, దాని వెంటే గెలుపు ముగింపు. అయిదో రౌండుకు హీరో కన్ను వాచిపోతుంది. ఆ వాపు చేసేది మేకప్ చాచా. సిద్దిపేట మనిషే. పెళ్లికూతుళ్లకు, నాటకాల వాళ్లకు ముప్పై ఏళ్లుగా ముఖాలు దిద్దినవాడు. దూది పొరలు పొరలుగా అంటించి, పైన రబ్బరు ద్రావణం పూసి, ఆరబెట్టి, రంగు వేస్తే, నిజంగా గుద్దు తిన్న కన్నులా ఉబ్బిపోయింది. చూసి నేను ముఖం తిప్పుకున్నాను.

ఆ రోజు గెలుపు తీస్తున్నప్పుడు హాలు దద్దరిల్లింది. జనం వేషంలో కూర్చున్నవాళ్లు సగం మంది ఊరి అభిమానులే. అన్న లేచి ఎదురు బాక్సర్‌ను పడగొట్టగానే వాళ్లు కుర్చీలెక్కారు. అన్న మానిటర్‌లో ఆ షాట్‌ను మూడుసార్లు వేయించుకుని చూశాడు. మూడుసార్లూ నవ్వాడు. మేనేజర్ ఆయన ముఖాన్ని చూశాడు. డైరెక్టర్ కూడా ఆయన ముఖాన్నే చూసింది.

ఆ హడావిడిలో నేను రింగుకు అవతలి వైపు చిక్కుకుపోయాను. జనాన్ని దాటి వచ్చేసరికి చాచా మేకప్ తీసేశాడు. కంటి వాపు ఫోటో నా దగ్గర లేదు. నా లిస్టులో ఫోటో లేని గడి అప్పటిదాకా ఒక్కటీ లేదు. అన్నను అడిగితే, "మేకప్ కుర్చీల కూసున్నప్పుడు దిగిన సెల్ఫీ ఉన్నదిరా" అని పంపాడు. మెడ చుట్టూ తువ్వాలు, పక్కన చాచా భుజం, ఉబ్బిన కన్ను స్పష్టంగా. దాన్ని చూసి లిస్టులో రాశాను: ఫోటో నలభై ఒకటి, కుడి కన్ను వాపు.

రెండో రోజు ముందు రౌండ్లు తీశారు. వాపుతో పని లేదు.

మూడో రోజు పొద్దున, పడుడు తీసే ముందు, చాచా బ్రష్షు పట్టుకుని అన్న ముఖం ముందు నిలబడి ఆగిపోయాడు. నన్ను పిలిచాడు.

"అరే బేటా, ఆ దినం వాపు ఎడమ కంటికి గదా పెట్టింది? నా యాదిల అట్లనే ఉన్నది."

"లేదు చాచా, కుడి కన్ను. ఇగో ఫోటో చూడు."

"ఫోటో సరే. గోడ ఈ పక్కకున్నది, నా మోచెయ్యి గోడకు తాకుతుండె. అంటే ఎడమదే."

"నీ మోచెయ్యి నా లిస్టుల లేదు చాచా."

అన్న కళ్లు మూసుకునే నవ్వాడు. "వాడు ఇంజినీరు చాచా. వాడు చెప్పింది చెయ్యి."

"ఇంజినీర్ సాబ్ హుకుం," అని చాచా కుడి కంటికి దూది అంటించాడు.

ఆ రోజు అన్న పడ్డ తీరు నేను ఎప్పటికీ మర్చిపోను. ఎదురు బాక్సర్ జగదేవ్‌పూర్ కుర్రాడు, నిజంగా జిల్లా పోటీల్లో ఆడేవాడు. అతని గుద్దు దవడకు వెంట్రుకవాసిలో ఆగుతుంది. అన్న మెడ మాత్రం నిజంగా తిరిగిపోతుంది. మోకాళ్లు ముందు వంగుతాయి, చేతులు తర్వాత వాలిపోతాయి, చివరికి ముఖం నేలకు తగులుతుంది. పద్నాలుగు షాట్లు. రెఫరీ ఏడు అనేసరికి మోచేతి మీద లేచి, తొమ్మిదికి మళ్లీ కూలిపోయినప్పుడు లైట్లవాళ్లు కూడా కదల్లేదు. డైరెక్టర్ కట్ చెప్పడం మర్చిపోయింది. పడుడే సినిమా, గెలుపు కాదు. హాల్లో ఉన్న ప్రతివాడికీ అర్థమైంది. మేనేజర్ కూడా, "బాగా చేశారండీ," అని తల వంచుకున్నాడు.

నాలుగింటికి గుమ్మడికాయ కొట్టారు. మన సినిమావాళ్లకు అది ఆఖరి మాట. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరా చుట్టూ తిప్పి, కుంకుమ చల్లి, వాకిట్లో పగలగొడతారు. ఆ తర్వాత ఆ సినిమాకు హీరో ముఖానికి రంగు వేసుకోడు. వేసుకుంటే సినిమాకు మంచిది కాదని నమ్మకం. అందరూ చప్పట్లు కొట్టారు, మిఠాయి పంచారు. లైట్లవాళ్లు వైర్లు చుట్టడం మొదలుపెట్టారు. పెళ్లి డెకరేషన్ వాళ్ల ట్రాలీ ఆటో అప్పటికే పూలతో గేటు ముందు నిలబడి ఉంది. వెనక వంటవాళ్లు గాడిపొయ్యి తవ్వుతున్నారు.

నేను పెళ్లికూతురి గదిలో కూర్చున్నాను. తీసిన షాట్లన్నీ కంప్యూటర్‌లో భద్రం చేసే మనిషి అక్కడ కూర్చునేవాడు. ఎడిటింగ్‌కు పంపేముందు నా లిస్టును షాట్లతో పోల్చి చూసుకోవాలి. ఆయన మొదటి రోజు షాట్ తెరిచాడు. అన్న అయిదో రౌండులో కెమెరా వైపు తిరిగాడు.

వాపు ఎడమ కంటికి ఉంది.

నేను మూడు నిమిషాలు ఆ తెరను చూశాను. తర్వాత అన్న పంపిన సెల్ఫీ తెరిచాను. కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలో బొమ్మలా తిప్పి దాస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. పాలిటెక్నిక్‌లో కెమెరాల గురించి పాఠం విన్నవాణ్ని, పాలీహౌస్‌లో కెమెరాలు బిగించినవాణ్ని. తువ్వాలు అడ్డం లేకపోయి ఉంటే ఒంటి మీది బాక్సర్ కోటు మీద అక్షరాలు తిరగబడి కనిపించేవి, అప్పుడే తెలిసేది. చాచా చేతికి గుర్తున్నదాన్ని నేను ఫోటో చూపించి కొట్టిపారేశాను.

దాని ఫలితం నా కళ్ల ముందు వరుసగా నిలబడింది. అయిదో రౌండులో ఎడమ కన్ను వాచింది. గెలుపు ముగింపులో కూడా ఎడమ కన్నే. పడుడులో మాత్రం కుడి కన్ను. రౌండు మారగానే వాపు ఒక కంటి నుంచి ఇంకో కంటికి దూకితే థియేటర్‌లో ఈలలు వేస్తారు. పడుడు పనికిరాదు. ఇక మిగిలింది గెలుపు ఒక్కటే. మేనేజర్ రెండు నెలల్లో చేయలేని పని నేను ఒక గడి నింపి చేసేశాను.

చెప్పకుండా ఊరుకుందామని కూడా అనిపించింది. నిజమే రాస్తున్నాను. ఎడిటింగ్‌లో ఎవరో కనిపెడతారు, అప్పటికి నేను ములుగులో ఉంటాను. లేచి డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను.

ఆమె భోజనాల హాలులో ఒంటరిగా టీ తాగుతోంది. చెప్పాను. గ్లాసు కింద పెట్టింది. తిట్టలేదు.

"రివర్స్ చేస్తే?" అంది. "బొమ్మను కుడి ఎడమ తిప్పితే వాపు అటు పోతది గదా?"

"పోతది మేడమ్. గానీ నిక్కరు మీద అక్షరాలు తిరగబడతయి. రింగు మూలకున్న రంగులు మారతయి. కుడిచేత్తో కొట్టిన గుద్దు ఎడమచేతిది అయితది."

మేనేజర్ తలుపు దగ్గర నిలబడి విన్నాడని అప్పుడే చూశాం. ఆయన ముఖంలో సంతోషం కంటే ఊరట కనిపించింది. "దేవుడే సెట్ చేశాడండీ. గెలుపు ఉంది కదా, అది వాడుకుందాం. గుమ్మడికాయ కూడా కొట్టేశాం. సార్‌కు ఎనిమిదింటికి హైదరాబాదులో పెద్ద నిర్మాతతో మీటింగు. అయిదున్నరకు బయలుదేరాలి. ఇంక దీని గురించి సార్‌కు చెప్పి బుర్ర పాడుచేయకండి."

ఆయన వెళ్లిపోయాడు. డైరెక్టర్ నా వైపు చూసింది. "లిస్టు తియ్యి. పద్నాలుగు షాట్లల్ల కన్ను ఎన్నింట కనబడతది?"

ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. భోజనాల బల్ల మీద లిస్టు పరిచి ఒక్కో షాట్‌నూ చూసుకుంటూ పోయాను. దూరం నుంచి తీసినవి ఆరు, వాటిలో కన్ను తెలియదు. వీపు వైపు నుంచి తీసినవి మూడు. కాళ్లు, రెఫరీ వేళ్లు చూపించినవి రెండు. పదకొండు పోయాయి. మిగిలినవి మూడు. గుద్దు ముఖానికి తగిలేది. ముఖం నేలకు ఆనేది. లెక్క పది దాకా నడిచేది.

"మూడే మేడమ్! మూడే!" అని అరిచాను. వంటవాళ్లు తిరిగి చూశారు.

"మేకప్‌కి ఎంతసేపు?"

"నలభై నిమిషాలు. మూడు షాట్లకు ఇరవై. ఆరింటి లోపల అయిపోతది."

"టైము సంగతి నాకు జెప్పకు," అంది ఆమె లేస్తూ. "పోయి మీ అన్నకు జెప్పు."

అన్న కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. గేటు బయట అభిమానులు పేరు పెట్టి అరుస్తున్నారు. నేను అద్దం కొట్టాను. జరిగిందంతా చెప్పాను. నా తప్పేనని ముందే చెప్పాను.

"చాచా చెప్పలేదారా నీకు?"

"చెప్పిండు. నేనినలే."

"నేను గూడ వాడు ఇంజినీరని మొరిగిన," అన్నాడు. కాసేపు అభిమానుల వైపు చూశాడు. "గెలుపు ఉన్నది గదా మరి?"

ఆయన అది ఊరికే అనలేదు, కావాలనే అన్నాడు. మొదటి రోజు మానిటర్ ముందు మూడుసార్లు నవ్విన ముఖం నాకు గుర్తొచ్చింది.

"రెండూ జూపెట్టు," అన్నాడు.

పెళ్లికూతురి గదిలోకి తీసుకెళ్లాను. మేనేజర్ వెంటే వచ్చాడు. ముందు గెలుపు. అన్న తొమ్మిదికి లేచి, గుద్ది, రెండు చేతులూ ఎత్తాడు. తెర మీద హాలంతా ఊగిపోతోంది. ఇక్కడ కుర్చీలో అన్న పెదాలు విచ్చుకున్నాయి. "మస్తున్నదిరా," అన్నాడు.

"అదే సార్ నేనూ చెప్పేది," అన్నాడు మేనేజర్.

తర్వాత పడుడు. అయిపోయాక అన్న, "గెలుపు మళ్ల వెయ్యి. చేతులు లేపే కాడ ఆపు," అన్నాడు. ఆపాను. ఆయన తెర మీద వేలు పెట్టాడు. "నా కండ్లు జూడు."

చూశాను. చేతులు ఎత్తుతూ అన్న చూపు ఒక్క క్షణం పక్కకు పోయి వచ్చింది. కెమెరా తన మీద ఉందా లేదా అని చూసుకున్నాడు. మేమెవ్వరం పట్టుకోలేదు.

"పడ్డదాంట్ల ఉన్నదా గిట్ల?"

"లేదన్నా."

"లేదు. అప్పుడు నాకు కెమెరానే యాదికి లేకుండె." కుర్చీలోంచి లేచాడు. "చాచా ఉన్నడా, పోయిండా?"

"సార్, ఎనిమిదింటికి..." అన్నాడు మేనేజర్.

"నేనే ఫోన్ జేసి లేటయితదని చెప్త. నువ్వేం గాబరా పడకు."

చాచా డబ్బా సర్దుకుని ఆటో కోసం నిలబడి ఉన్నాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికే నా ముఖం చూసి అంతా గ్రహించాడు. "ఎడమనే గదా?" అన్నాడు.

"ఎడమనే చాచా. తప్పయింది."

"నడువు నడువు. ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, డబ్బా పట్టు."

ఇక గుమ్మడికాయ గొడవ మొదలైంది. లైట్ల మేస్త్రి వైర్లు మళ్లీ విప్పనన్నాడు. "కొట్టినంక లైటు పెట్టుడా? ఇరవై ఏండ్ల సర్వీసుల చెయ్యలే సార్. ఎవలకన్న ఏమన్న అయితే?"

అన్న ముఖానికి దూది అంటించుకుంటూనే కూర్చుని ఉన్నాడు. "అయితే ఇంకోటి కొడదాం. అది పద్నాలుగు షాట్ల గుమ్మడికాయ. ఇది మూడు షాట్ల గుమ్మడికాయ. దొరకదా?"

దొరికింది. వెనక వంటవాళ్ల దగ్గర పులుసుకు తెచ్చిన గుమ్మడికాయ ఉంది. వంటల మేస్త్రి దాన్ని చంకలో పెట్టుకుని స్వయంగా తెచ్చాడు. లైట్ల మేస్త్రి దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"గిది కూర గుమ్మడి సార్. బూడిదది గాదు."

"దేవునికి కూర పనికి రాదా ఏందయ్యా?" అన్నాడు వంటల మేస్త్రి. "రేపు మూడు వందల మంది తినేటిది ఇస్తున్న. నువ్వు నోరు మూసుకోని లైటు పెట్టు."

అందరూ నవ్వారు. లైట్ల మేస్త్రి కూడా నవ్వి వైరు విప్పాడు.

రెండో చిక్కు నేను లెక్కలోకి తీసుకోనిది. జగదేవ్‌పూర్ బాక్సర్ బస్సెక్కి వెళ్లిపోయాడు. గుద్దు షాట్‌లో కనిపించేది అతని గ్లౌజు, మోచెయ్యి మాత్రమే. ఎవరి చెయ్యి అయినా సరిపోతుంది. డైరెక్టర్ చుట్టూ చూసి నా దగ్గర ఆగింది. "వీని చెయ్యి గూడ ఆ పోరనంతనే సన్నగుంటది. కొంచెం నూనె రాసి కట్టు కట్టండి."

జీవితంలో ఎవర్నీ కొట్టనివాణ్ని. ఎర్ర గ్లౌజు తొడిగారు. అన్న నా ముందు నిలబడ్డాడు, ఎడమ కన్ను ఉబ్బి, ఒళ్లంతా చెమట నీళ్లు. ఈసారి నేను ఫోటోను నమ్మలేదు. గ్లౌజు లేని చేత్తో ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని, అక్కడి నుంచి భుజం దాకా, భుజం నుంచి కంటి దాకా తడుముకుంటూ వెళ్లి చూసుకున్నాను.

"ఏం జేస్తున్నవురా?"

"ఎడమనా కాదా చూస్తున్నన్నా."

"చూసుడు అయిందా? ఇగ కొట్టు. తాకనియ్యి. నువ్వు మెల్లగ కొడితే నాకు పడబుద్ధి గాదు."

మొదటి టేకులో నా గ్లౌజు ఆయన ముఖం ముందే ఆగిపోయింది. రెండో టేకులో చెవికి తగిలింది. "చెవులు కుట్టనీకి వచ్చినవారా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. మూడో టేకులో కళ్లు మూసుకోకుండా కొట్టాను. దవడ మీద మెత్తగా తగిలిన భావన మోచేతి దాకా వచ్చింది. ఆయన మెడ తిరిగింది. కట్. డైరెక్టర్ బొటనవేలు ఎత్తింది. నేను ఎగిరి గంతేశాను, గ్లౌజుతో సహా.

రెండో షాట్, ముఖం నేలకు ఆనేది, ఒక్క టేకులో అయిపోయింది.

ఆరింటికి ఎనిమిది నిమిషాలు ఉంది. డెకరేషన్ వాళ్లు పూల గంపలు పట్టుకుని హాల్లోకి వచ్చేశారు. వంటవాళ్లు వచ్చారు. గేటు దగ్గర కాపలా తగ్గడంతో అభిమానులు కూడా లోపలికి చొరబడ్డారు. డైరెక్టర్ వాళ్లను తోసేయమనలేదు. "కూసోండి. సప్పుడు మాత్రం జేయకుండ్రి," అంది. వాళ్లకు కథ తెలియదు. హీరో గుద్దు తిని పడ్డాడని మాత్రమే తెలుసు.

మూడో షాట్. అన్న నేల మీద ముఖం ఆనించి పడుకున్నాడు. కెమెరా ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఉంది. రెఫరీ లెక్క మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. హాలు నిశ్శబ్దం. అన్న కన్ను మెల్లగా తెరుచుకుంది, జనంలో ఎవరినో వెతికింది. అయిదు. అప్పుడు వెనక నుంచి ఒక కుర్రాడి గొంతు, "లే అన్నా!"

ధ్వని చూసే మనిషి చేతులు పైకెత్తాడు, టేకు పాడైందని. డైరెక్టర్ చెయ్యి అడ్డం పెట్టింది. కెమెరా ఆగలేదు.

"లే అన్నా! లే!" ఇప్పుడు పదిమంది. ఏడు. అన్న మోచేతి మీద లేచాడు. హాలంతా లేచింది. పూల గంపల వాళ్లు, వంటవాళ్లు, ఇందాక నవ్విన లైట్ల మేస్త్రి, అందరూ అరుస్తున్నారు. వాళ్లు నటించడం లేదు. మేనేజర్ స్తంభం పక్కన నిలబడి పిడికిళ్లు బిగించాడు. నాకు ఒక్కసారిగా భయం వేసింది. ఇంతమంది పిలుస్తుంటే అన్న లేస్తాడేమో. లేస్తే ఆయన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆయన ముఖంలో ఆ లేవాలనే కోరిక నిజంగానే కనిపిస్తోంది. మెడ నరాలు ఉబ్బాయి. అరచెయ్యి నేలకు నొక్కుకుంది.

తొమ్మిది.

మోచెయ్యి విడిచేశాడు. ముఖం మళ్లీ నేలకు ఆనింది. వాచిన ఎడమ కంటి మూల నుంచి నీటి చుక్క ముక్కు మీదుగా జారింది. అది చాచా పెట్టింది కాదు.

పది.

అరుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎవరో గంప కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"కట్," అంది డైరెక్టర్.

అన్న వెంటనే లేవలేదు. నేల మీదే వెల్లకిలా తిరిగి పడుకుని, పైకప్పు వైపు చూస్తూ గట్టిగా ఊపిరి పీల్చాడు. ముందు వరుసలో ఇద్దరు అభిమానులు రింగు తాళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మనోడు గిట్ల పడుడేందిరా?" అన్నాడు ఒకడు ఏడుపు గొంతుతో.

రెండోవాడు కళ్లు తుడుచుకోకుండానే అన్నాడు. "పడ్డడు గానీ ఏం పడ్డడురా! మొదటి ఆటకే పోదాం, మా బాపును గూడ తోల్కొస్త."